కొన్నదెంత, అమ్మిందెంత, క్లెయిమ్ చేసిందెంత: నొప్పి మందుల బిల్లుల్లో మోసం ఎక్కడ దొరుకుతుంది

ఒక మందుల బిల్లు ముందు పెట్టుకుని చూద్దాం. తిరుపతిలో మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లిన మనిషి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపిన బిల్లు అనుకోండి. పైన షాపు పేరు, డ్రగ్ లైసెన్స్ నంబర్లు, జీఎస్టీ నంబరు. వాటి కింద రోగి పేరు, డాక్టరు పేరు. తర్వాత వరసగా మందులు: యాంటీబయాటిక్, గ్యాస్ మాత్ర, ట్రమడాల్ 50 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు 60. ప్రతి మందు పక్కన బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ధర. అడుగున ఫార్మసిస్టు సంతకం, షాపు ముద్ర. క్లెయిమ్ పరిశీలించే ఉద్యోగికి ఇందులో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. డాక్టరు చీటీ ఉంది, బిల్లు ఉంది, రెండూ సరిపోయాయి. క్లెయిమ్ పాసవుతుంది.

అయినా ఆ 60 క్యాప్సూళ్లు ఎక్కడికి వెళ్లాయో బిల్లు చెప్పదు. రోగి చేతికి 20 ఇచ్చి 60కి బిల్లు కొట్టి ఉండవచ్చు. అసలు ఒక్కటీ ఇవ్వకుండా కాగితం మాత్రమే ఇచ్చి ఉండవచ్చు. లేదా 60 కూడా ఇచ్చి ఉండవచ్చు, రోగి 10 వాడాక మిగతావి ఇంట్లో కుర్రాడి చేతికి పోయి ఉండవచ్చు. ఈ మూడింటికీ బిల్లు ఒకేలా ఉంటుంది. అందుకే నొప్పి మందుల మోసాన్ని ఒక్క బిల్లును ఎంత తిప్పి చూసినా పట్టుకోలేం. షాపు కొన్న లెక్క, అమ్మిన లెక్క, క్లెయిమ్ చేసిన లెక్క మూడూ పక్కపక్కన పెడితేనే అది బయటపడుతుంది. మన దగ్గర ఈ మూడు లెక్కలూ మూడు చోట్ల ఉన్నాయి. ఒకరి పుస్తకం ఇంకొకరు చూడరు.

ఓపియాయిడ్లు అంటే నల్లమందు నుంచి వచ్చేవి, నల్లమందులా పనిచేసేలా ఫ్యాక్టరీలో తయారయ్యేవి. మార్ఫిన్, కొడీన్, ఫెంటనిల్, ట్రమడాల్, టపెంటడాల్ ఈ కోవలోవే. కేన్సర్ నొప్పికి, పెద్ద ఆపరేషన్ తర్వాత వచ్చే నొప్పికి వీటికి సాటి మందు లేదు. అలవాటుగా మారితే వదిలించుకోవడం కష్టం, మోతాదు మించితే ఊపిరి ఆగిపోతుంది. విటమిన్ మాత్రలకు దొంగ బిల్లు పెడితే పోయేది డబ్బు. వీటి విషయంలో డబ్బుతోపాటు మాత్రలు కూడా బజారులోకి పోతాయి. అక్కడ కొనేవాళ్లలో ఇంటర్ చదివే పిల్లలూ ఉంటారు. ఇన్సూరెన్స్ మోసాల్లో దీన్ని వేరుగా చూడాల్సింది ఇందుకే.

రెండు షాపులు, రెండు తేడాలు

లెక్క అర్థం కావడానికి రెండు షాపులను ఊహించుకుందాం. రెండూ ట్రమడాల్ క్యాప్సూళ్లు అమ్ముతాయి. మూడు నెలల లెక్క చూద్దాం.

మొదటి షాపులో ఆ మూడు నెలల మొదట్లో 60 క్యాప్సూళ్లున్నాయి. హోల్‌సేల్ ఏజెన్సీ నుంచి 900 కొన్నారు. అమ్మకాల రిజిస్టర్‌లో 850 రాశారు. అర తెరిచి లెక్కపెడితే 110 ఉన్నాయి. 60కి 900 కలిపి 850 తీసేస్తే 110. లెక్క తూచినట్టు సరిపోయింది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసినా ఏమీ దొరకదు. కానీ ఈ షాపు బిల్లులతో వేర్వేరు ఇన్సూరెన్స్ కంపెనీలకు వెళ్లిన క్లెయిములన్నీ కూడితే 1,400 క్యాప్సూళ్లు తేలాయి. అమ్మినవే 850 అయితే కనీసం 550 క్యాప్సూళ్లు కాగితం మీదే పుట్టి కాగితం మీదే అమ్ముడయ్యాయన్నమాట. ఇది డబ్బు మోసం. బజారులోకి మాత్ర పోలేదు.

రెండో షాపులో మొదట 100 ఉన్నాయి. 6,000 కొన్నారు. రిజిస్టర్‌లో 700 రాశారు, అరలో 200 ఉన్నాయి, క్లెయిములు 400కి వెళ్లాయి. ఇన్సూరెన్స్ వైపు నుంచి చూస్తే ఈ షాపు మీద ఏ అనుమానమూ రాదు. అమ్మిన 700 కంటే క్లెయిమ్ చేసిన 400 తక్కువే, మిగతావి చేతి డబ్బుతో కొన్నవాళ్లవి అనుకుంటారు. కొనుగోళ్ల పుస్తకం తెరిస్తే మాత్రం 5,200 క్యాప్సూళ్లు కనబడవు. వాటికి చీటీ లేదు, బిల్లు లేదు, తీసుకున్నవారి పేరు లేదు.

తేడా ఎటువైపు ఉందో చూస్తే మోసం ఏ రకమో తెలుస్తుంది. కొన్నదానికంటే క్లెయిమ్ ఎక్కువైతే డబ్బు కాజేస్తున్నారు. అమ్మినట్టు చూపినదానికంటే కొన్నది ఎక్కువైతే మందు దారి తప్పుతోంది. మొదటిదాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ పట్టుకోవాలి, అయితే షాపు కొనుగోళ్ల పుస్తకం దాని దగ్గర ఉండదు. రెండోదాన్ని ఔషధ నియంత్రణ శాఖ పట్టుకోవాలి, వాళ్లు వచ్చినప్పుడు చూసేది షాపులోని రిజిస్టరూ స్టాకూ. కొనుగోలు బిల్లులు కూడా పూర్తిగా చూపకపోతే, లెక్కలోకే రాని సరుకును వెతికే దారి ఏజెన్సీ పుస్తకాల వైపు నుంచే మొదలవ్వాలి. రెండింటిలో ప్రాణాలు తీసేది రెండో రకం. క్లెయిమ్ లెక్కలను మాత్రమే జల్లెడ పట్టే ఏ సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని వదిలేస్తుంది. ఈ మాట ముందే ఒప్పుకుని మొదలుపెట్టకపోతే, మోసాల నివారణ పేరుతో పెట్టే ఖర్చంతా తేలిక రకం మోసం మీదే పోతుంది.

చట్టం ఏం రాయమంటోంది

రాయాల్సిన పుస్తకాలు చట్టంలో ఎప్పటినుంచో ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 (ఔషధ నిబంధనల్లో ప్రత్యేక నిఘా పెట్టిన మందుల జాబితా) ప్రకారం ట్రమడాల్, కొడీన్, పెంటజోసిన్, ఆల్ప్రజోలామ్ లాంటి మందులు అమ్మినప్పుడల్లా వేరే రిజిస్టర్‌లో చీటీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో రాయాలి. ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు దాచాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టాన్ని 2014లో సవరించి, 2015 మేలో మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కొడీన్, హైడ్రోకోడోన్‌లను అత్యవసర నార్కోటిక్ మందులుగా ప్రకటించారు. గుర్తింపు పొందిన వైద్య సంస్థలు వీటిని నిల్వ చేసి రోగులకు ఇచ్చే పద్ధతి దానితో సులువైంది. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను కూడా ఎన్‌డీపీఎస్ పరిధిలోకి తెచ్చారు.

టపెంటడాల్‌ను అప్పుడు ట్రమడాల్‌తో పాటు చేర్చలేదు. ఒక మందు మీద కట్టుదిట్టం పెరిగితే వాడేవాళ్లు దాని పక్కింటి మందు వైపు మళ్లుతారు. టపెంటడాల్, కండరాలను సడలించే మందు కారిసోప్రొడాల్ కలిపి తయారైన మాత్రలు మన దేశం నుంచి పశ్చిమ ఆఫ్రికాకు చేరి అక్కడి యువతను పాడుచేస్తున్నాయని 2025 ఫిబ్రవరిలో బయటపడ్డాక, కేంద్రం ఆ కలయికకు ఇచ్చిన తయారీ, ఎగుమతి అనుమతులను వెనక్కి తీసుకుంది. క్లెయిములు చూసేవాళ్లకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. ట్రమడాల్ బిల్లులు తగ్గాయని సంతోషపడకుండా, అదే షాపులో అదే నెల టపెంటడాల్ బిల్లులు పెరిగాయేమో చూడాలి.

చట్టం పుస్తకం రాయమంది. దుకాణం కౌంటర్ దగ్గర జరిగేది వేరు. సాయంత్రం ఏడు గంటలకు పదిమంది నిలబడి ఉంటారు. అందులో ఒకతను ముందుకు వంగి, "చీటీ ఇంటికాడ ఉండాదన్నా, మా నాయనకి కాలి నొప్పి, ఒక షీటు ఇయ్యన్నా" అంటాడు. తెలిసిన ముఖం. ఇస్తారు. రిజిస్టర్‌లో రాయాలంటే డాక్టరు పేరు కావాలి, అది లేదు. కాబట్టి రాయరు. రాత్రి షట్టర్ వేసే ముందు స్టాక్ తగ్గినట్టు కంప్యూటర్‌లో కనబడుతుంది, దాన్ని సరిచేయడానికి ఎప్పుడో వచ్చిన చీటీ మీది పేరు ఇంకోసారి వాడతారు. ఇలా మొదలైన చిన్న సర్దుబాటే నెల తిరిగేసరికి దొంగ రికార్డు అవుతుంది. ఒకే డాక్టరు పేరు, ఒకే రోగి పేరు, వారానికి మూడుసార్లు. హెచ్1 రిజిస్టర్‌లో ఈ పునరావృతాన్ని వెతికితే చాలు, సగం కథ తెలుస్తుంది. ఫార్మసిస్టు సర్టిఫికెట్ అద్దెకిచ్చి తాను ఇంకెక్కడో ఉద్యోగం చేసుకునే అలవాటు దీన్ని ఇంకా సులువు చేస్తోంది. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టే మందు ఇవ్వాలి. సంతకం ఒకరిది, చేయి ఇంకొకరిది అయినప్పుడు ప్రతి బిల్లూ సగం అబద్ధమే.

అమెరికా బిల్లుల్లో కనిపించింది

ఈ విషయంలో ఎక్కువ దెబ్బతిని ఎక్కువ నేర్చుకున్న దేశం అమెరికా. ఆక్సికాంటిన్ అనే ఆక్సికోడోన్ మాత్ర 1996లో అక్కడి మార్కెట్లోకి వచ్చింది. దాన్ని తప్పుదారి పట్టించేలా ప్రచారం చేశామని తయారీ కంపెనీ 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. 2012 నాటికి ఆ దేశంలో ప్రతి 100 మందికి ఏడాదికి 81 ఓపియాయిడ్ చీటీలు అమలయ్యాయి. 2022లో ఓపియాయిడ్ల మోతాదు మించి చనిపోయినవాళ్లు 80 వేలు దాటారు. అప్పటికి ఎక్కువ మరణాలు అక్రమంగా తయారైన ఫెంటనిల్ వల్లే, కానీ ఆ దారి మొదలైంది మందుల షాపు కౌంటర్ దగ్గరే.

అక్కడ ముఖ్యంగా పెద్దవయసువాళ్లకు ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్ మెడికేర్. దాని మందుల పథకం కింద ప్రతి చీటీ, ప్రతి మాత్ర ప్రభుత్వ కంప్యూటర్‌లో క్లెయిమ్‌గా నమోదవుతుంది. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2016 నాటి క్లెయిములను కలిపి చూసి 2017 జులైలో ఒక నివేదిక ఇచ్చింది. కనీసం మూడు నెలలపాటు రోజుకు 120 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానమైన మోతాదు మించి తీసుకున్నవాళ్లు 5 లక్షలకు పైగా తేలారు. అందులో ఏడాది పొడవునా 240 మిల్లీగ్రాములు మించినవాళ్లు 69,563 మంది. పెద్ద మోతాదుతోపాటు నలుగురు లేక అంతకంటే ఎక్కువ మంది డాక్టర్ల దగ్గర చీటీలు రాయించుకుని, నాలుగు లేక అంతకంటే ఎక్కువ షాపుల్లో కొన్నవాళ్లు 22,308 మంది. ఈ రోగులకే పదేపదే చీటీలు రాసినందుకు సుమారు 400 మంది డాక్టర్ల తీరును ఆ కార్యాలయం ప్రశ్నించింది.

ఇక్కడ గమనించాల్సింది మార్ఫిన్ సమానం అనే కొలత. ఓపియాయిడ్లు అన్నీ ఒకే బలం ఉన్నవి కావు. అన్నింటినీ ఒకే తూకంలో వేయడానికి ప్రతి మందుకూ ఒక గుణకం ఇచ్చారు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2022 పట్టిక ప్రకారం ట్రమడాల్‌కు 0.2, కొడీన్‌కు 0.15, టపెంటడాల్‌కు 0.4, ఆక్సికోడోన్‌కు 1.5. రోజుకు నాలుగు ట్రమడాల్ 50 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు వాడే మనిషి 200 మిల్లీగ్రాములు తీసుకుంటాడు, 0.2తో గుణిస్తే 40. ఆ మనిషే ఇంకో డాక్టరు దగ్గర టపెంటడాల్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండు రాయించుకుంటే 80 కలుస్తుంది. రెండు బిల్లులు విడివిడిగా మామూలుగానే ఉంటాయి. కలిపితే 120. ఒక్కో కంపెనీకి ఒక్కో బిల్లు వెళ్లినప్పుడు ఈ కూడిక చేసేవాళ్లుండరు.

ఇంకో సులువైన పరీక్ష ఉంది, దానికి పట్టిక కూడా అక్కర్లేదు. ట్రమడాల్ రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 50 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు రోజుకు ఎనిమిది, 30 రోజులకు 240. నెల చీటీకి 300 బిల్లు వచ్చిందంటే చీటీ తప్పన్నా కావాలి, బిల్లు దొంగదన్నా కావాలి. అలాగే 30 రోజులకు ఇచ్చిన మందు 18వ రోజునే మళ్లీ కొన్నారంటే ఒకసారి ఊరెళ్లే పని ఉండవచ్చు. ఆరు నెలలు వరసగా అదే జరిగితే మిగిలిన మాత్రలు ఎక్కడున్నాయో అడగాల్సిందే. ఓపియాయిడ్, ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమాత్ర, కారిసోప్రొడాల్ ఈ మూడూ ఒకే చీటీ మీద కనబడితే అమెరికా పరిశీలకులు వెంటనే ఆగి చూస్తారు. మూడూ కలిస్తే మత్తు పెరుగుతుంది, ఊపిరి ఆగే ప్రమాదమూ పెరుగుతుంది.

తిరుపతిలో దూరం అనుమానం కాదు

అమెరికా సూత్రాల్లో తరచుగా వాడేది దూరం. రోగి ఇల్లు ఒకచోట, డాక్టరు వంద మైళ్ల అవతల, షాపు ఇంకోచోట ఉంటే ఎర్రజెండా ఎగరేస్తారు. ఆ సూత్రాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి తిరుపతి క్లెయిముల మీద పెడితే సగం ఊరు దొంగల జాబితాలో చేరుతుంది.

తిరుపతికి రోజూ దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి దిగిన నడివయసు మనిషి మోకాళ్లు పట్టేసి కింద మెడికల్ షాపుకు వస్తే, అతని ఆధార్‌లో ఊరు షోలాపూర్ ఉంటుంది, చీటీ రాసింది స్థానిక క్లినిక్ డాక్టరు, ఇన్సూరెన్స్ ముంబైది. ఆ చీటీల్లో ఎక్కువ వాటి మీద ఉండేది మామూలు నొప్పి మాత్రే, ఓపియాయిడ్ కాదు. ట్రమడాల్, పారాసెటమాల్ కలిపిన మాత్రలు రాసినవీ కొన్ని ఉంటాయి. ఊళ్లోని స్విమ్స్, రుయా, బర్డ్ ఆస్పత్రులకు, టాటా ట్రస్టుల సాయంతో 2022లో మొదలైన కేన్సర్ ఆస్పత్రికి రాయలసీమ జిల్లాల నుంచి రోగులు వస్తారు. రాజంపేట నుంచి వచ్చిన కేన్సర్ రోగి తిరుపతిలో చీటీ రాయించుకుని, సొంత ఊళ్లో దొరకదేమోనన్న భయంతో నెలకు సరిపడా ఇక్కడే కొనుక్కుని వెళ్తాడు. కంప్యూటర్‌కు అతను దూరం నుంచి వచ్చి ఎక్కువ మార్ఫిన్ కొన్న మనిషి.

చిత్తూరుది ఇంకో రకం చిక్కు. వేలూరు గంట ప్రయాణం. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు జనం పెద్ద జబ్బంటే తరతరాలుగా వేలూరు సీఎంసీకే వెళ్తున్నారు. కుప్పంలో నిలబడితే తమిళనాడు ఒకవైపు, కర్ణాటక ఒకవైపు. తమిళనాడు డాక్టరు రాసిన చీటీ, ఆంధ్రా షాపు బిల్లు, బెంగళూరు కంపెనీ ఉద్యోగి పాలసీ ఇక్కడ ఒకే క్లెయిమ్‌లో ఉండటం రోజువారీ విషయం. అయితే సరిహద్దు నిజంగానే దొంగకు కూడా ఉపయోగపడుతుంది. ఒక రాష్ట్ర ఔషధ శాఖ ఇన్‌స్పెక్టర్ పక్క రాష్ట్రం షాపు రిజిస్టర్ తెరవలేడు. ఒకే చీటీని చిత్తూరులో ఒకసారి, వేలూరులో ఒకసారి చూపి రెండుసార్లు మందు తీసుకుంటే రెండు షాపులకూ అది తెలిసే దారి లేదు. చీటీ మీద ఎన్ని మాత్రలు ఇచ్చారో రాసి, తేదీ వేసి, ముద్ర కొట్టి తిరిగి ఇచ్చే పాత పద్ధతి ఈ మోసానికి ఇప్పటికీ మంచి మందు. చాలా షాపులు ఆ ముద్ర కొట్టడం మానేశాయి.

కాబట్టి ఇక్కడ దూరానికి బదులు చూడాల్సింది గుంపును. ఒకే రోజు, ఒకే గంటలో, ఒకే డాక్టరు పేరుతో, ఒకే మోతాదుతో ఎనిమిది చీటీలు వచ్చి, ఎనిమిదింటికీ రోగి ఫోన్ నంబరు ఒకటే అయితే రోగుల ఊరు ఏదైనా అనుమానించాలి. ఫోన్ నంబరును చిన్నచూపు చూడకూడదు. ఆయుష్మాన్ భారత్ పథకం మీద కాగ్ 2023 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో సుమారు 7.5 లక్షల మంది లబ్ధిదారులు పది తొమ్మిదులున్న ఒకే ఫోన్ నంబరుతో నమోదైనట్టు తేలింది. అంతకుముందే చనిపోయినట్టు నమోదైన 3,446 మంది పేరు మీద చికిత్సకు దాదాపు 7 కోట్ల రూపాయలు చెల్లించినట్టూ అందులోనే ఉంది. వీటిని పట్టుకోవడానికి గొప్ప సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి చూసే ఓపిక చాలు.

నొప్పి ఉన్నవాళ్లను దొంగలుగా చూస్తే

ఈ పనిలో పొరపాటు జరిగితే ఎవరు బాధపడతారో ముందే ఆలోచించాలి. కేన్సర్ ముదిరిన రోగికి మార్ఫిన్ 30 మిల్లీగ్రాములు నాలుగు గంటలకొకసారి ఇవ్వడం అరుదేం కాదు. రోజుకు 180 అవుతుంది. నొప్పి తగ్గే వరకు మోతాదు పెంచడమే వైద్యం, అందరికీ వర్తించే పైహద్దు మార్ఫిన్‌కు లేదు. 120 దాటితే అనుమానం అనే సూత్రం పెడితే మొదట దొరికేది ఈ మనిషే. అమెరికా ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం తన లెక్క నుంచి కేన్సర్ రోగులను, చివరి దశ సంరక్షణలో ఉన్నవాళ్లను ముందే తీసేసింది. ఆ దేశంలోనే 2016లో డాక్టర్లకు సలహాగా రాసిన మోతాదు హద్దులను ఇన్సూరెన్స్ కంపెనీలు, షాపులు చట్టంలా అమలు చేశాయి. ఏళ్లుగా మందు వాడుతున్నవాళ్లకు ఉన్నట్టుండి ఆపేశారు. అలా ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన నొప్పి, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయని అక్కడి ఔషధ సంస్థ 2019లో హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో ఆ సలహాలను మార్చి రాశారు.

మన దేశానికి ఇంతకంటే చేదు అనుభవం ఉంది. ప్రపంచానికి చట్టబద్ధమైన నల్లమందు పండించి అమ్మే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు మీద సాగవుతుంది. 1985 చట్టం వచ్చాక లైసెన్సుల తిప్పలకు, జైలు భయానికి ఆస్పత్రులు మార్ఫిన్ నిల్వ చేయడమే మానేశాయి. 1997 నాటికి దేశం మొత్తం మీద వైద్యానికి వాడిన మార్ఫిన్ ఏడాదికి 18 కిలోలకు పడిపోయింది. పండించే దేశంలో రోగులు నొప్పితో అరుస్తూ చనిపోయారు. 2014 సవరణ ఆ గాయానికి మందు. మోసాల వేట పేరుతో మళ్లీ ఆ రోజులు తెచ్చుకుంటే క్షమించరాని తప్పు.

దీనికి దారి ఉంది. అనుమానం వచ్చినప్పుడు ఆపాల్సింది షాపుకు వెళ్లే సొమ్మును. రోగికి వెళ్లే మందు ఆగకూడదు. క్లెయిమ్ సొమ్మును రెండు వారాలు పక్కన పెట్టినా షాపు బతుకుతుంది. మార్ఫిన్‌ను రెండు రోజులు ఆపితే రోగికి నరకం. ఆ రెండు వారాల్లో డాక్టరుకు ఫోన్ చేసి ఆ చీటీ ఆయన రాసిందేనా, రోగికి ఏ జబ్బు, ఇంకా ఎన్నాళ్లు వాడాలి అని అడగవచ్చు. నిజాయితీగా రాసిన డాక్టరు ఆ ఫోన్‌కు సంతోషంగానే సమాధానం చెప్తారు. ఆ నంబరులో ఎవరూ లేకపోయినా, ఆయన రెండేళ్ల కిందటే బదిలీ అయి ఉన్నా, చీటీ పుస్తకం ఎవరి చేతిలో ఉందో వెతకాలి. వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉందా, ఆ నంబరు ఆ పేరుదేనా అన్నది ముందు చూడాల్సిన విషయం.

మన క్లెయిముల్లో ఏది కనబడదు

అమెరికా పద్ధతి మన దగ్గర అలాగే నడవకపోవడానికి ఇంకో కారణం క్లెయిముల ఆకారం. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో, ఆయుష్మాన్ భారత్‌లో చికిత్సకు ప్యాకేజీ లెక్కన చెల్లిస్తారు. మందులు అందులోనే కలిసి ఉంటాయి. ఎన్ని ట్రమడాల్ ఇంజెక్షన్లు వాడారో క్లెయిమ్‌లో విడిగా లెక్కకు రాదు. మందు మందుకూ లెక్క ఉండేది ప్రైవేటు ఇన్సూరెన్స్ ఆస్పత్రి బిల్లుల్లో, ఆస్పత్రికి ముందూ తర్వాతా కొన్న మందుల రీయింబర్స్‌మెంట్‌లో, కంపెనీలు ఉద్యోగులకిచ్చే ఓపీ పాలసీల్లో, ప్రభుత్వ ఉద్యోగుల మెడికల్ బిల్లుల్లో. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే వేలమంది ఉన్న జిల్లాలో ఇదేమీ చిన్న మొత్తం కాదు. అయినా బజారులో అమ్ముడయ్యే మందుల్లో ఎక్కువ భాగం చేతి డబ్బుతో, చాలాసార్లు బిల్లే లేకుండా పోతుంది.

ఉన్న బిల్లులోనే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆస్పత్రి ఫార్మసీ బిల్లులో వార్డుకు పంపిన 10 ఇంజెక్షన్లు ఉంటాయి, నర్సుల చార్టులో రోగికి ఇచ్చినవి ఆరే ఉంటాయి. మిగతా నాలుగు వెనక్కి వెళ్లినట్టు రిటర్న్ బిల్లు ఉండాలి. లేకపోతే ఆ నాలుగు ఆంప్యూల్స్ (ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు సీసాలు) ఎక్కడున్నాయన్న ప్రశ్న డబ్బు కంటే పెద్దది. ఫెంటనిల్, మార్ఫిన్ విషయంలో ఖాళీ ఆంప్యూల్స్ లెక్క కూడా అడగాలి. బ్యాచ్ నంబరు ఇంకో మంచి ఆధారం. బిల్లు మీద ఉన్న బ్యాచ్ ఆ షాపుకు ఏ ఏజెన్సీ నుంచీ రాలేదని తేలితే ఆ బిల్లు కాగితమే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎక్కువ మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తేదీ తర్వాతి బిల్లులో పాత శాతం కనబడితే, పాత నమూనా మీద కొత్త తేదీ వేసి కొట్టారేమో చూడటం పరిశీలకుడి పని.

పోలీసుల చేతికి దొరికే మాత్రల షీట్ల మీద కూడా ఆ బ్యాచ్ నంబరే ఉంటుంది. అసలు తీగ అక్కడుంది. 2024 నవంబరులో రాష్ట్రం ఈగల్ పేరుతో మాదకద్రవ్యాల నిరోధక విభాగం పెట్టింది, 1972 నంబరుకు ఎవరైనా ఫోన్ చేసి చెప్పవచ్చు. 2025 మార్చిలో ఆపరేషన్ గరుడ పేరుతో ఈగల్, విజిలెన్స్, ఔషధ నియంత్రణ శాఖలు కలిసి రాష్ట్రమంతా మందుల షాపులు, ఏజెన్సీల మీద తనిఖీలు చేశాయి. ఒకరోజు తనిఖీ భయం పెడుతుంది, తర్వాత ఆ భయం ఆరిపోతుంది. దొరికిన షీటు బ్యాచ్ నుంచి తయారీదారుకు, అక్కడి నుంచి హోల్‌సేలర్‌కు, అక్కడి నుంచి షాపుకు, ఆ షాపు పేరుతో వెళ్లిన క్లెయిములకు వెనక్కి నడిచే పద్ధతి నెలనెలా జరగాలి. ఇందుకు హోల్‌సేలర్ల అమ్మకాల వివరాలు కీలకం. ఒక పట్టణంలో వంద షాపులుంటే వాటి రిజిస్టర్లు వంద. వాటికి సరుకిచ్చే ఏజెన్సీలు పది, పదిహేను. తక్కువ మందిని అడిగితే ఎక్కువ తెలిసే చోటు అది. పక్క షాపులు నెలకు 20 షీట్లు కొంటుంటే ఒక చిన్న షాపు 400 షీట్లు కొంటోందని ఏజెన్సీకి అందరికంటే ముందు తెలుస్తుంది.

క్లెయిముల వైపు కూడా కలిపి చూసే ఏర్పాట్లు వస్తున్నాయి. హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో కంపెనీలన్నింటి సమాచారాన్ని ఒకచోట చేర్చే సంస్థ. జాతీయ ఆరోగ్య సంస్థ తెచ్చిన నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్చేంజ్ ద్వారా క్లెయిములన్నీ ఒకే రూపంలో నడిస్తే, మందు పేరు, బ్యాచ్, మాత్రల సంఖ్య విడివిడి గళ్లలో నమోదవుతాయి. ఇప్పుడు స్కాన్ చేసిన కాగితం బొమ్మల్లోంచి ఆ వివరాలు మనుషులు కళ్లతో ఏరాల్సి వస్తోంది. హెచ్1 రిజిస్టర్ కూడా చాలా షాపుల్లో ఇంకా చేతిరాతే. అది కంప్యూటర్‌లోకి రానంతకాలం పైన చెప్పిన కూడికలు ఉదాహరణలుగానే మిగులుతాయి. రోగుల వివరాలు బయటికి పోకుండా కాపాడుతూనే, మందు పేరు, సంఖ్య, బ్యాచ్, చీటీ రాసిన డాక్టరు నంబరు వరకు ఔషధ శాఖకు నేరుగా చేరేలా చేయడం కష్టమైన పని కాదు.

షాపు స్థాయిలో చేయగలిగింది తక్కువేం కాదు. ఆపరేషన్ తర్వాతి నొప్పికి మొదటిసారి ఐదారు రోజులకే ఇచ్చి, కావాలంటే మళ్లీ రమ్మంటే మిగిలిపోయే మాత్రలు తగ్గుతాయి. అమెరికా మెడికేర్‌లో 2019 నుంచి, కొత్తగా ఓపియాయిడ్ మొదలుపెట్టే రోగికి మొదటిసారి ఏడు రోజులకు మించి ఇవ్వకుండా కంప్యూటరే ఆపుతుంది, కేన్సర్ రోగులకు మినహాయింపుతో. చీటీ మీద 60 ఉన్నా రోగి 20 చాలంటే 20కే బిల్లు కొట్టాలి. ఇన్సూరెన్స్ ఉంది కదా అని మిగతా 40 కూడా అంటగట్టడం, లేదా ఇవ్వకుండానే బిల్లులో చూపడం మోసం అని కౌంటర్ దగ్గర నిలబడే కుర్రాళ్లకు చెప్పాలి. చాలామందికి అది మోసమని తెలియదు, కొనుక్కునే మనిషికి సాయం చేశామనుకుంటారు.

ఏ లెక్కలోకీ రాని మాత్రలు ఇంకొన్ని ఉన్నాయి. కేన్సర్ రోగి ఇంట్లో చనిపోయాక మంచం పక్కన అరలో మార్ఫిన్ మాత్రలు మిగిలిపోతాయి. వాటికి చీటీ సక్రమం, బిల్లు సక్రమం, క్లెయిమ్ సక్రమం. కర్మకాండలు అయిపోయి బంధువులు వెళ్లిపోయాక ఆ డబ్బా ఎక్కడుందో ఎవరూ చూడరు. ఇంటికి వెళ్లి నొప్పి తగ్గించే సేవచేసే పాలియేటివ్ బృందాలు కొన్ని ఆ మాత్రలను అడిగి తీసుకుని, లెక్కపెట్టి, ఇంటివాళ్ల ముందే రాసుకుంటాయి. పదకొండో రోజు తర్వాత ఒకసారి వెళ్లి అడిగితే చాలు, చాలా ఇళ్లల్లో ఆ డబ్బాను వాళ్లే తెచ్చి చేతికిస్తారు.